సైకిలు యాత్రతో చదువు నిధి: మరైగూడ ఉదాహరణగా ఒక పాఠం

పేద పిల్లల చదువు కోసం విరాళాలు పోగుచేస్తూ దూరప్రాంతాలకు సైకిలు మీద వెళ్లడం ఇప్పుడు మన ఉద్యోగుల్లోనూ కనబడుతోంది. నేనూ ఆదివారాలు సైకిలు తొక్కేవాణ్ణే. ‘ఇంత కష్టపడి తొక్కడం దేనికి? ఆ డబ్బేదో నేరుగా ఇచ్చేయొచ్చుగా!’ అని మా ఇంట్లో అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మరైగూడను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మరైగూడ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కోంటా బ్లాకులో ఉంది. మన దుమ్ముగూడెం మండలం దాటితే ఆ వైపే. హైదరాబాదు నుంచి భద్రాచలానికి సుమారు 310 కిలోమీటర్లు. ‘బ్రెవే’ అనే దూరప్రయాణ సైక్లింగ్ పద్ధతిలో 300 కిలోమీటర్లకు గడువు 20 గంటలు. బాగా సాధన ఉన్నవారికి అది ఒక్కరోజు పని, మనలాంటివారికి మూడు నాలుగు రోజులు. కాబట్టి కాళ్ల సంగతి ఫరవాలేదు. చూడవలసింది డబ్బు సంగతి.

మొదటి లెక్క: దారి ఖర్చు

పదిమంది బయల్దేరారనుకుందాం. ఒక్కొక్కరూ నలభైమంది దగ్గర రూ.500 చొప్పున అడిగితే తలా రూ.20,000, మొత్తం రూ.2 లక్షలు. వెనక వచ్చే వ్యాను, బస, భోజనం, టీషర్టులకు రూ.80,000 అయితే, దాత ఇచ్చిన ప్రతి వందలో నలభై రోడ్డు మీదే అయిపోయినట్టు. అదే తొక్కేవాళ్లు తలా రూ.8,000 సొంతంగా పెట్టుకుంటే వందకు వంద పిల్లలకు చేరుతుంది. అమెరికాలో 1980లో 36 మందితో మొదలైన ‘పాన్-మాస్ చాలెంజ్’ క్యాన్సర్ ఆసుపత్రి కోసం సాగే సైకిలు యాత్ర. రైడర్లు సేకరించిన సొమ్మును ముట్టుకోకుండా, ఖర్చులను రుసుములతోనూ స్పాన్సర్లతోనూ గడుపుకోవడమే దాని బలం.

మా ఇంటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నేనొక్కణ్ణే ఇస్తే ఎనిమిది వేలు. తొక్కుతూ నలభైమందిని కదిలిస్తే అదే ఎనిమిది వేలు ఇరవై వేలను తెస్తుంది. ఆ నలభైమందికీ ఒక ఊరి పేరు తెలుస్తుంది. వచ్చినదాన్నే దారి ఖర్చుకు వాడుకుంటే మాత్రం యాత్ర విహారమే అవుతుంది.

రెండో లెక్క: అవసరం ఎక్కడ?

2011 జనగణనలో ఛత్తీస్‌గఢ్ అక్షరాస్యత సుమారు 70 శాతం. అప్పటికి సుక్మా కూడా కలిసి ఉన్న దంతెవాడ జిల్లాలో అది 42 శాతం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక గొడవల్లో చాలా ఊళ్లలో బడులు మూతపడ్డాయి, కొన్ని కూలిపోయాయి. తర్వాత పోర్టాక్యాబిన్ల పేరుతో ఆశ్రమ బడులు వచ్చాయి. ఇంట్లో కోయ, దొర్ల మాటలు వినే పిల్లవాడికి బడిలో హిందీ పుస్తకం చేతికొస్తుంది. మిరప కోతల కాలం వస్తే కుటుంబాలు తెలంగాణ చేలకు వలస వస్తాయి. వెంట వచ్చిన పిల్లలకు చదువు తెగిపోతుంది.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, ములుగు జిల్లా మిరప చేల నుంచి నడిచి బయల్దేరిన బీజాపూర్ జిల్లా అమ్మాయి ఇల్లు చేరకముందే దారిలో ప్రాణం విడిచింది. పన్నెండేళ్ల పిల్ల. మనం సరదాకు తొక్కే దూరాలను ఆ పిల్లలు బతుకు కోసం నడుస్తున్నారు. బడిలో ఉండాల్సిన వయసది.

మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పే లోటు విశ్లేషణ ఇక్కడ పనికొస్తుంది. బీహార్‌లో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చే పథకం పెట్టారు. దానివల్ల ఆ దశలో అమ్మాయిల చేరిక 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ తేల్చారు. అయితే ఛత్తీస్‌గఢ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ప్రభుత్వమే సరస్వతి పథకం కింద సైకిళ్లిస్తోంది. మనమూ సైకిళ్లే ఇస్తే ఉన్నచోటికే మళ్లీ ఇచ్చినట్టు. కోతల నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా తాత్కాలిక వసతి, ఇంటిభాష తెలిసిన బోధకుడు, చేల దగ్గర నడిచే తరగతి: మన సొమ్ము చేరవలసింది ఇలాంటి చోటికి. ఏది కావాలో ముందుగా అక్కడి ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను అడగాలి.

మూడో లెక్క: ఖాతా

విరాళాలు ఏ ఒక్కరి సొంత ఖాతాలోకీ రాకూడదు. 80జి గుర్తింపు ఉన్న నమోదిత సంస్థ ఖాతాకే నేరుగా చేరాలి. రూ.2,000 దాటిన నగదుకు ఆ మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానంలో అసలు ఆ మినహాయింపే లేదు. దాతకు ఇది ముందే చెప్పాలి. రసీదు ఆ రోజే ఇవ్వాలి.

సరిహద్దుకు రెండువైపులా పోలీసులకు, అధికారులకు ముందుగా తెలపాలి. చీకటి పడ్డాక తొక్కకూడదు. పిల్లల ఫొటోలు, పేర్లు ప్రచారానికి వాడకూడదు.

మన ఇళ్లలో తొక్కలేనివారికీ ఇందులో పని ఉంది. పెద్దపిల్లలు రసీదుల పట్టిక రాయవచ్చు. గృహిణులు దాతలతో మాట్లాడవచ్చు. పదవీ విరమణ చేసినవారు ఖాతా తనిఖీ చేయవచ్చు. యాత్ర ముగిసిన రోజున ఫొటోలు పంపడం మామూలే. దాతలకు పంపవలసిన అసలు నివేదిక ఒక్క వాక్యం: జూన్‌లో చేరిన పిల్లల్లో మిరప కోతలు ముగిసేనాటికి ఎందరు తరగతిలో ఉన్నారు? ఆ సంఖ్య చెప్పగలిగితే, మరుసటి ఏడు విరాళం అడగడానికి మనకు మొహమాటం ఉండదు.