ఆ ఇంట్లో ఆ మాట

చెల్లెమ్మా, పోయిన శ్రావణంలో పులివెందుల నుంచి మా ఆడబిడ్డ వస్తే ఇద్దరం ప్రొద్దుటూరు బజారుకు పోయినాం. కొనాల్సింది కమ్మలు. ఆ పని తొందరగా అయిపోయింది, బస్సుకు ఇంకా గంట ఉంది. బయట ఎండ మండిపోతా ఉంది. ఎదురుగా చీరలకొట్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పోయి కూర్చుని, "పట్టుచీరలు చూపించు నాయనా" అన్నా.

ఆ పిల్లోడు పాతిక చీరలు మడత విప్పినాడు. కొంగు తన భుజానే వేసుకుని మరీ చూపించినాడు. "మళ్లీ వస్తాంలే" అని మేం లేచేసరికి వాడి మొహం వాడిపోయింది. ఒక్కొక్కటే మడత పెట్టుకుంటా ఉన్నాడు గానీ తల మాత్రం ఎత్తలేదు.

యూదుల ధర్మగ్రంథం మిష్నాలో అచ్చం ఈ సంగతే ఉంది. సుమారు 1800 ఏళ్ల కిందట కూర్చిన గ్రంథం అది. కొనే ఉద్దేశం లేనప్పుడు "ఇదెంత?" అని అడగొద్దంటుంది. బేరమాడుకోవచ్చు, నాలుగు కొట్లు తిరగొచ్చు. కొనేది లేదని నీకు తెలిసీ ఎదుటివాడికి ఆశ పెడితేనే తప్పు. నీ మనసులో ఏముందో కొట్టువాడికి తెలీదు, పక్కనున్న ఆడబిడ్డకూ తెలీదు. దేవుడికి తెలుసు గనక ఆయనకు భయపడమంటారు.

మాటతో నొప్పించడాన్ని వాళ్లు 'ఓనాత్ దెవారీమ్' అంటారు. డబ్బు దగ్గర చేసే మోసం కన్నా ఇదే పెద్ద తప్పని, మిష్నా మీద చర్చలుండే తాల్ముదులో ఒక పెద్దాయన మాట. సొమ్మయితే తిరిగి ఇచ్చేయొచ్చు, అన్న మాటను ఎట్లా వెనక్కి తీసుకుంటాం? బంగారం కొట్లో తూకం రవ్వంత తేడా వస్తే మనం ఊరుకోం. అదే నలుగురి ముందర "మీ పుట్టింటోళ్లు ఏం పెట్టినారు?" అని కోడలిని అడిగినప్పుడు ఆ పిల్ల దగ్గర ఎంత తరుగు పోయిందో ఎవరూ తూచరు. నలుగురిలో సిగ్గుపరిస్తే రక్తం చిందించినట్టేనన్నారు వాళ్లు. మొహంలో ఎరుపు పోయి తెలుపు తేలుతుంది గదా అని. కుంటోడు, నల్లపిల్ల లాంటి పేర్లు కూడా, పిలిపించుకునేవాళ్లకు అలవాటైపోయినా సరే, పిలవొద్దన్నారు.

ఇదంతా యాడో దూరదేశం సంగతి అనుకోవద్దు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. మాదిగ కుటుంబాలవి. పుట్టుక ఎత్తి మాటలనిపించుకోవడం ఎట్లాంటిదో తరతరాలుగా ఎరిగినవాళ్లు. కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ల బిడ్డలకు తాతల సంగతి ఎత్తి చూపొద్దని అదే మిష్నాలో ఉంది. ఆ వాక్యం ఆ పల్లెలో చదివితే ఎట్లా వినపడుతుందో అనిపిస్తుంది నాకు.

తాల్ముదులోదే ఇంకో మాట నన్ను రాత్రంతా నిద్రపోనీలేదు. ఇంట్లో ఎవరినైనా ఉరి తీసి ఉంటే ఆ కుటుంబంలో వాళ్లతో "ఈ చేపను అక్కడ వేలాడదీయి" అని కూడా అనకూడదంట. చేపే గదా అనుకుంటాం. వినేవాళ్లకు ఆ మాట చేప దగ్గర ఆగదు.

జమ్మలమడుగు దగ్గర మాకు పెద్దమ్మ వరస చుట్టం ఉంది. శనగ పంట పోయి, అప్పులకు తాళలేక ఆమె కొడుకు మందు తాగినాడు. ఏడాది తర్వాత పోయినాం. సంగటి చేసి పెట్టింది. మాటల్లో నా మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటా, "ఈ బాధ పడేదానికన్నా ఇంత మందు తాగితే మేలు" అన్నా. రోజూ మన నోట్లో నలిగే మాటే. పెద్దమ్మ ఏమీ అనలేదు. గరిటె కింద పెట్టి పెరట్లోకి పోయింది. కొళాయి నీళ్ల శబ్దం చానాసేపు వినపడింది. తిరిగొచ్చి కూర్చుని, "ఇంకొంచెం పులుసు వెయ్యమంటావా?" అంది.

నేనూ ఆమెను ఏమీ అడగలేదు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసినా.

యోమ్ కిప్పూర్ అని యూదులు ఏడాదికొక రోజు ఉపవాసముండి దేవుడిని క్షమించమని వేడుకుంటారు. తోటిమనిషికి చేసిన తప్పు మాత్రం, ఆ మనిషి దగ్గరికి పోయి సమాధానపరుచుకునేదాకా ఆ రోజు కూడా తీర్చదంట. ఆదివారం పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కుతున్నా చెల్లెమ్మా, ఒక్కదాన్నే.