పెద్ద డెయిరీల్లో ఆవులను ఎందుకు ఏరివేస్తారు?

ఆవు ముసలిదై, పాలు తగ్గాకే దాన్ని మందలోంచి తీసేస్తారని మనలో చాలామంది అనుకుంటాం. అమెరికాలో వేయి, రెండు వేల ఆవులుండే డెయిరీల సంగతి చదివితే అది నిజం కాదని తెలుస్తుంది. ఆవు సహజంగా 15 నుంచి 20 ఏళ్లు బతకగలదు. అక్కడి హోల్‌స్టీన్ ఆవు మాత్రం రెండేళ్లకు తొలిసారి ఈని, సగటున మూడు ఈతలు కూడా నిండకుండానే, అయిదేళ్ల వయసుకు మంద విడిచిపోతుంది. ఏటా మందలో దాదాపు మూడో వంతు ఇలా పోతాయి. దీన్నే ఏరివేత అంటారు. వాటిలో ఎక్కువ భాగం చేరేది కబేళాకే.

మాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఇంకొకటుంది. ఆవు పూర్తి స్థాయిలో పాలిచ్చేది మూడో ఈత నుంచి. పెయ్యను రెండేళ్లు మేపిన ఖర్చు తిరిగి రావడానికే మామూలుగా రెండో ఈత దాకా పడుతుంది. మరి సరిగ్గా అక్కరకొచ్చే వేళ ఎందుకు వదులుకుంటారు?

అమెరికా వ్యవసాయ శాఖ 2007లో జరిపిన సర్వే ప్రకారం, తీసేసిన ప్రతి 100 ఆవుల్లో సుమారు 26 చూడి సమస్యలున్నవి, 23 పొదుగువాపు వంటి పొదుగు జబ్బులవి, 16 కుంటివి. ఏ జబ్బూ లేకపోయినా పాలు తక్కువిచ్చేవి మరో 16. యజమాని తన ఇష్టంతో ఎంచి తీసేవి ముఖ్యంగా ఈ చివరి రకమే. మిగిలినవన్నీ దాదాపుగా తప్పనిసరై పంపేవి.

చూడి సంగతి వివరంగా చూద్దాం. ఈనితేనే పాలు. చూలు మోసే కాలం సుమారు 280 రోజులు. కనుక ఏడాదికో ఈత రావాలంటే ఈనిన మూడు నెలల్లోపే మళ్లీ చూడి కట్టాలి. కానీ ఆ నెలల్లోనే పాలు ఉధృతంగా వస్తాయి, తిండి మాత్రం అంత వేగంగా పెరగదు. ఆవు తన ఒంట్లో కొవ్వు కరిగించి పాలిస్తుంది. అలా చిక్కిపోయే ఒంట్లో చూడి నిలవడం కష్టం. పైగా ఎద లక్షణాలు కనిపించేది కొద్ది గంటలే. మన ఇంటి ఆవు రాత్రి అరిస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వేయి ఆవుల్లో ఎవరు గమనిస్తారు? ఎద తప్పితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఈలోగా పాలు తగ్గి, మేత ఖర్చు కూడా రాదు. మన సంతలో గేదెను కొనేవాడు ముందుగా అడిగేదీ “చూడి కట్టిందా?” అనే కదా!

పొదుగువాపు వచ్చి మందు వేస్తే ఆ కొన్ని రోజుల పాలు పారబోయాలి. కుంటితనానికి తడి సిమెంటు నేల ఒక పెద్ద కారణం. గిట్ట నొప్పితో నిలబడలేని ఆవు మేత తగ్గిస్తుంది, ఎదకూ సరిగా రాదు. ఒక జబ్బు మరో జబ్బును వెంట తెస్తుందన్నమాట. రికార్డులో రాసేది మాత్రం ఒకే కారణం.

హాస్టల్ సీట్లలాగే షెడ్డులో చోటు కూడా లెక్క ప్రకారమే ఉంటుంది. ఈనబోయే పెయ్య సిద్ధంగా ఉంటే పాత ఆవు కదలాల్సిందే. 2006 తర్వాత పెయ్యదూడలే ఎక్కువగా పుట్టించే వీర్యం వాడకం పెరిగి, పెయ్యలు మిగిలిపోయి, పాత ఆవుల మీద ఒత్తిడి పెరిగింది. తర్వాత అక్కడి రైతులు చాలా ఆవులకు మాంసపు జాతి వీర్యం వేయించసాగారు. దాంతో పెయ్యల కొరత వచ్చి, 2023 తర్వాత వాటి ధర బాగా పెరిగింది. ఇదివరకైతే పంపేసే ఆవుకే ఇప్పుడు చాలామంది ఇంకో ఈత అవకాశం ఇస్తున్నారు.