వేడి మీటరు ముల్లు ఊగుతున్నదా?

మన సంఘములలో సొంత కారు గలవారు చాలామంది ఉన్నారు. సెలవులు రాగానే పెద్దలను, పిల్లలను ఎక్కించుకొని మడివాళ నుండి కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా నెల్లూరు, ఒంగోలు వైపు బయలుదేరుతారు. వెళ్ళేటప్పుడు మొగిలి ఘాటు దిగుడు. తిరిగి వచ్చేటప్పుడు అదే ఘాటు ఎక్కుడు. నిండు కారు, ఎండ, ఏసీ కలిసినప్పుడు ఇంజనుకు అదే అసలైన పరీక్ష. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర కొంచెం ఊగిన ముల్లును తేలికగా తీసుకుంటే, ఆ ఘాటులో కుటుంబమంతా రోడ్డు పక్కన నిలబడవలసి రావచ్చు. గనుక ఈ పాఠములో ఒక్క సంగతి నేర్చుకుందాము: ముల్లు ఎంత ఎక్కింది అనే దానికంటె, ఎప్పుడు ఎక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది అన్నదే తప్పు ఎక్కడున్నదో చెబుతుంది.

1. ఇంజను చల్లబడే విధము

వాటర్ పంపు కూలెంటును ఇంజను చుట్టూ తిప్పుతుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ వాల్వు మూసుకొని ఉంటుంది. చాలా కార్లలో 80 నుండి 90 డిగ్రీల మధ్య తెరుచుకొని వేడి కూలెంటును రేడియేటరుకు పంపుతుంది. కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలి దానిని చల్లారుస్తుంది; నిలిచి ఉంటే ఫ్యాను ఆ పని చేస్తుంది.

రేడియేటరు మూతను చిన్నచూపు చూడరాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ మామూలు నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూత లోపల ఒత్తిడిని నిలుపుతుంది గనుకనే ఆ వేడిలో కూడా కూలెంటు మరగదు. మూత రబ్బరు పాడైతే ఒత్తిడి నిలువదు, కూలెంటు త్వరగా మరిగి బయటకు పోతుంది.

2. ముల్లు చూపే గుర్తులు

(అ) సిగ్నల్ దగ్గర ఎక్కి, కారు కదలగానే దిగితే: మొదట ఫ్యానును అనుమానించాలి. ఫ్యూజు, రిలే, ఫ్యాను మోటారు, వేడికి ఫ్యానును తిప్పే స్విచ్చు చూడాలి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి. ఇది ఇంటి దగ్గరే చేయగల పరీక్ష. అంబాసిడర్ వంటి పాత బండ్లలో ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది గనుక బెల్టు బిగువు చూడాలి.

(ఆ) ఘాటులోనో, వేగంగా పోయేటప్పుడో ఎక్కితే: కూలెంటు తక్కువై ఉండవచ్చు, రేడియేటరు పూడి ఉండవచ్చు, పంపు బలహీనపడి ఉండవచ్చు. బోరు నీళ్ళు పోస్తూ వచ్చిన రేడియేటరులో ఉప్పు పేరుకొని సన్నని గొట్టాలు మూసుకుపోతాయి.

(ఇ) చదునైన రోడ్డు మీద కూడా మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఉంటే: థర్మోస్టాట్ పట్టేస్తూ ఉండవచ్చు, లేక లోపల గాలి చిక్కుకొని ఉండవచ్చు. ఎంత దూరం పోయినా ముల్లు చల్లని వైపే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకొని ఉండిపోయినట్లు.

(ఈ) ఒక్క క్షణంలో పైకీ కిందికీ దూకితే: లీటర్ల కొద్దీ ద్రవము క్షణంలో వేడెక్కదు, చల్లారదు. తప్పు తరచుగా సెన్సారులోనో, వైరులోనో, ఎర్తులోనో ఉంటుంది. పాత బండ్లలో పెట్రోలు ముల్లు కూడా దానితోపాటు ఊగితే మీటర్లకు కరెంటు వచ్చే దారిని చూడాలి.

(ఉ) బయట చుక్క కారకుండానే కూలెంటు తగ్గుతూ, డబ్బాలో బుడగలు, పొగగొట్టంలో ఆగని తెల్లపొగ, ఆయిలు పాలవలె తెల్లబడుట కనిపిస్తే: హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. అటువంటి బండిని నడపరాదు.

3. దిగిన ముల్లును చూసి మోసపోవద్దు

సెన్సారు ద్రవములో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. కూలెంటు కారిపోయి సెన్సారు గాలిలో మిగిలితే, ఇంజను మాడుతున్నా ముల్లు దిగవచ్చు. ఎర్రగీత దాకా పోయిన ముల్లు దానంతట అదే దిగితే "చల్లబడింది" అని సంతోషించక, బండి ఆపి చూడాలి. నేటి కార్లలో చాలావాటికి మామూలు వేడిలో ముల్లు మధ్యలోనే నిలిచి ఉండేలా ఏర్పాటు ఉంటుంది. కొన్నింటికి ముల్లే లేదు, ఎర్రదీపము మాత్రమే. గనుక అది వెలిగిన తరువాత ఆలస్యము తగదు.

4. దారిలో వేడెక్కితే

ఏసీ ఆపండి. వెంటనే ఆగే చోటు లేకపోతే హీటరు పూర్తిగా వేయండి. కొంత వేడి అటు పోతుంది. చోటు దొరకగానే ఇంజను ఆపి, అరగంటకు తక్కువ కాకుండా ఆగండి. వేడి మీద మూత తీయవద్దు. మరిగే కూలెంటు ముఖము మీదికి చిమ్ముతుంది. పై గొట్టము చేతికి చల్లగా తగిలిన తరువాతనే గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగలవచ్చు.

5. బాగుచేయు వరుస

తక్కువ ఖర్చు పనితో మొదలుపెట్టాలి: కూలెంటు మట్టము, మూత, గొట్టాలు, క్లాంపులు, బెల్టు, ఫ్యాను, తరువాత థర్మోస్టాట్, రేడియేటరు శుభ్రము, చివర పంపు, గాస్కెట్. తీసిన థర్మోస్టాట్‌ను నీళ్ళ గిన్నెలో వేసి కాచి చూడండి; నీరు మరిగే లోపు తెరుచుకోకపోతే మార్చవలసిందే. "అది లేకపోయినా నడుస్తుంది" అని కొందరు మెకానిక్‌లు తీసి పారవేస్తారు. అప్పుడు ఇంజను సరిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

కారు పుస్తకంలో చెప్పిన కూలెంటునే, చెప్పిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయండి. మెల్లగా నింపి, చల్లని ఇంజనును మూత తీసి నడిపి, బుడగలు ఆగాక మూయండి. చాలా కూలెంటులు తియ్యగా ఉండే విషము. పిల్లలకు, కుక్కలకు అందనీయవద్దు.

మెకానిక్‌తో "వేడెక్కుతోంది" అని మాత్రమే అనకండి. ముల్లు ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు దిగిందో ఒక వారము రాసుకొని చూపండి. కొత్త రేడియేటరుకు పెట్టబోయే డబ్బు ఒక చిన్న ఫ్యూజుతో మిగలవచ్చు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సిగ్నల్ దగ్గర మాత్రమే ముల్లు ఎక్కితే మొదట ఏమి చూడాలి?
2. దిగిన ముల్లు ఎప్పుడు అపాయానికి గుర్తు?
3. మీ కారు కూలెంటు మట్టము చివరిసారి ఎప్పుడు చూశారు?