బొమ్మలోని యిల్లు

ఖమ్మం జిల్లాలోని కుసుమంచిలో కాకతీయుల కాలపు శివాలయములు రెండు కలవు. ఒకటి గణపేశ్వరాలయము, రెండవది ముక్కంటేశ్వరాలయము. ఊరికి చేరువనే పాలేరు జలాశయము కలదు. ఈ పాఠము మాత్రము గుడిని గూర్చినది కాదు. ఇంకను కట్టని యొక యింటిని గూర్చినది.

ఈ కాలమున పునాది త్రవ్వకమునుపే యింటి రూపమును కంప్యూటరుపై చూచుకొనుట వాడుకయైనది. కొలతలును రంగులును తెలిపినచో ఆ యంత్రము ముందుభాగపు బొమ్మను సిద్ధము చేసి యిచ్చును. అట్టి బొమ్మ నొకదానిని ఈ ప్రాంతపు రైతు ఒకరు నాకు చూపి, “పంతులుగారూ, అంతా బాగానే ఉంది గాని ఇది ఇల్లులాగ లేదు, అట్టపెట్టెలాగ ఉంది. దీన్ని నమ్మి ఎట్లా కట్టేది?” అని యడిగిరి. ఎన్నో యేండ్ల పంట సొమ్ము కూడబెట్టి జన్మలో ఒక్కమారు కట్టుకొను ఇల్లు! ఆయన భయము న్యాయమైనదే.

మేమిద్దరము బొమ్మను చేతబట్టుకొని గణపేశ్వరాలయమునకు పోతిమి. అచటి రాళ్ళు నేర్పుతో చెక్కినవే. అయినను ఏ రాతి అంచును కత్తివాదరవలె లేదు. కొంచెము గుండ్రనై, ఎండ తగిలినచోట సన్నని వెలుగుగీత మెరయుచున్నది. నిన్న పూసిన సిమెంటు గోడకును అట్టి గుండ్రదనము కొంత యుండును. బొమ్మలోని గోడల అంచులకు మందమే లేదు. చెప్పినగాని యంత్రమునకు తెలియదు గదా!

ఇక వెలుతురు మాట. ఎఱ్ఱమట్టి వాకిలి ముందున్న తెల్లగోడ అడుగుభాగమును మీరు పరికించి చూడుడు. తెలుపులో లేత యెఱుపు కలసియుండును. వెలుతురు నేలను తాకి, ఆ రంగును మోసికొని గోడపైకి వచ్చును. నీడయు నల్లగా నుండదు. అందు ఆకాశపు నీలము చేరును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 1984లో గోడలకు రంగులు వేసిన చిన్న పెట్టె నొకదానిని నిర్మించి, ఒక రంగు మరియొక గోడపై ప్రసరించు తీరును గణించి, యంత్రచిత్రమును నిజమైన పెట్టెతో సరిచూచిరి. 1986లో జేమ్స్ కజియా యను శాస్త్రజ్ఞుడు ఈ వెలుతురు రాకపోకల నన్నిటిని ఒక్క సమీకరణమున ఇమిడ్చెను. నేటి సాధనములకు అదియే ఆధారము.

నీడ అంచును గూడ గమనింపుడు. సూర్యుడు చుక్క కాడు, బింబము. అందుచే పదడుగుల దూరమునుండి పడు నీడ అంచు సుమారు ఒక అంగుళము మేర మసకగా నుండును. బొమ్మలోని నీడలు కత్తిరించిన కాగితములవలె నున్నవి.

అద్దముల సంగతి పాలేరు గట్టున తెలిసినది. కాళ్ళయొద్ద నీటిలో గులకరాళ్ళు కనబడెను. దూరపు నీటిలో ఆకాశమే కనబడెను. కిటికీ అద్దమును అంతే. ఎదుటినుండి చూచిన గది కనబడును, ఏటవాలుగా చూచిన ఎదుటి వేపచెట్టు కనబడును. మన బొమ్మలో ప్రతి కిటికీయు ఒకే నీలిరంగు పలక! వానచారలు, గోడ మొదట చిందిన మట్టి మొదలగునవి చివర చేర్చదగినవి. కొందరు వీనిని మితిమీరి పూసి కొత్త యింటిని పాడుకొంపగా చేయుదురు, అదియు అబద్ధమే. ఇంటిముందు లేని పచ్చికబయలును చూపుట అంతకంటె పెద్ద అబద్ధమని నా తలంపు.

అన్నిటికంటె పెద్ద తప్పు సూర్యుని విషయమున జరిగినది. బొమ్మ గీసినవారు తమకు అందముగా తోచినచోట సూర్యుని నిలిపిరి. కుసుమంచి భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 డిగ్రీల దూరమున నున్నది. డిసెంబరు 22న మిట్టమధ్యాహ్నము పదడుగుల స్తంభపు నీడ ఉత్తరముగా ఎనిమిదిన్నర అడుగులు సాగును. మే రెండవ వారమున అది కాళ్ళక్రిందనే యుండును.

రైతు ఈ మాటలన్నియు చెప్పి బొమ్మను మరల చేయించిరి. ఈసారి మే నెల, సాయంకాలము నాలుగు గంటల సూర్యుని నిలుపుమనిరి. కొత్త బొమ్మలో పడమటి గది కిటికీ నిండ ఎండ కొట్టుచున్నది. రెండడుగుల సన్‌షేడు క్రింద నీడ ఒకటిన్నర అడుగే. ఆయన దానిని చాలసేపు చూచి, “ఇప్పుడు ఇల్లులాగ ఉంది. కాని ఆ గదిలో మా అమ్మ పడుకోలేదు” అనిరి. మరునాడు మేస్త్రిని పిలిపించి, పడమటి వైపున ఆరడుగుల వసారా చేర్పించుటకు ముగ్గు పోయించిరి.