గుర్రపుడెక్క: ఆక్రమణ ముప్పు అంచనా

శాస్త్రీయ నామం ఐకార్నియా క్రాసిపెస్. కొత్త పేరు పాంటెడీరియా క్రాసిపెస్. రెండూ గుర్తుండాలి. స్వస్థలం దక్షిణ అమెరికా. ఉబ్బిన తొడిమలో గాలి గదుల కణజాలం (ఏరెంకైమా) ఉండటంతో తేలుతుంది. పిలకలతోనూ, విత్తనాలతోనూ వ్యాపిస్తుంది. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఎక్కువున్న నీరంటే దీనికి పండగే. హైదరాబాద్ మురుగు మోసే మూసీ అలాంటిదే. మూసీ కృష్ణలో కలిసేది నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద (ప్రిలిమ్స్‌కు ముఖ్యం).

అంచనా: కొత్త మొక్కను దేశంలోకి రానివ్వాలా అని తేల్చే ఆస్ట్రేలియా పద్ధతిలో 49 ప్రశ్నలు. స్కోరు 6 దాటితే తిరస్కరణ, 1–6 అయితే మరింత పరిశీలన, 1 కంటే తక్కువైతే అనుమతి. ‘అరుదైన మొక్క, కాబట్టి ముప్పు లేదు’ అనే ఆప్షన్ వస్తే కొట్టేయండి.

ఆక్రమణ జాతులపై నిబంధనలు ఇవి. జీవవైవిధ్య ఒప్పందం (1992): ఆర్టికల్ 8(హెచ్). వన్యప్రాణి సంరక్షణ సవరణ చట్టం, 2022: సెక్షన్ 62ఏ. కున్మింగ్–మాంట్రియల్ లక్ష్యం 6: గడువు 2030.

గుర్రపుడెక్కకు జైవిక నియంత్రణ: నియోకెటినా ముక్కు పురుగు.

ఈ మొక్క ఉన్న నీటిలో మాన్సోనియా దోమ పెరుగుతుంది. జతపరచడంలో అడగొచ్చు: మాన్సోనియా దోమ–బ్రూజియా మలయి–బోదకాలు.