ప్రక్కనున్న బారు

హైదరాబాదు నగరమున కాచిగూడ రైలు స్టేషనునుండి బయలుదేరి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి చేరినచో, అశోక్‌నగరు దాపున నగర కేంద్ర గ్రంథాలయము కనబడును. ప్రొద్దు పొడిచిన కొంతసేపటికే అచ్చట యువతీయువకులు బారులు తీరి నిలిచియుందురు. ఉద్యోగపరీక్షలకు చదువుకొనువారికి అది పెద్ద ఆశ్రయము. లోపల చోటు చిక్కనివారు ఆవరణములోనే కూర్చుండి పుస్తకములు ముందు పెట్టుకొందురు. నేను కొలువునుండి విరమించిన పిమ్మట పత్రికలు చూచుటకై తఱచుగా అచ్చటికి పోవుచుందును.

ఒకనాటి ఉదయమున, పూర్వము నాయొద్ద చదువుకొన్న యువకుడొకడు ముఖము వ్రేలవేసికొని నా ప్రక్కన వచ్చి కూర్చుండెను. అతడు ఒక పత్రికలో ఉపసంపాదకుని ఉద్యోగమునకై అనువాదపరీక్ష వ్రాసి వచ్చినవాడు. అమెరికాలోని యొక న్యాయస్థానమున జరిగిన హత్యానేర విచారణకు సంబంధించిన వార్త నిచ్చి తెనిగింపుమనిరట. అందులోని యొక వాక్యమును అతడిట్లు తెనిగించెను: "విచారణ నడుచుచుండగా ఇరుపక్షముల న్యాయవాదులును న్యాయమూర్తియు ప్రక్కనున్న బారునకు పోయి, కొంతసేపు ముచ్చటించుకొని తిరిగివచ్చిరి."

పరీక్షకుడు మొదట నవ్వెనట. పిదప నవ్వు మాని, "ఇది అచ్చుపడినచో మరునాటికి మన పత్రికమీద పరువునష్టపు దావా పడును. నెల దినములు చదువుకొని మరల రమ్ము" అనెనట.

"గురువుగారూ, 'సైడ్' అనగా ప్రక్క. 'బార్' అనగా బారు. 'సైడ్‌బార్' అని యున్నదానిని ప్రక్కనున్న బారు అంటిని. నా తప్పేమి?" అని యతడు దిగులుతో నన్నడిగెను.

"నాయనా, రెండు మాటలును నీకు తెలిసినవే. రెండును కలిసి ఏమైనవో అది నీకు తెలియలేదు" అని చెప్పి, నిఘంటువులు తెచ్చుకొని, ఆ పూటంతయు ఆ యొక్క మాటతోనే గడపితిమి. అప్పుడు మేము మాటలాడుకొన్న సంగతులే ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందుగా 'బార్' సంగతి. ఆంగ్లమున ఈ మాటకు మూలార్థము కడ్డి. తలుపునకు అడ్డముగా వేయు గడియకఱ్ఱయు, కిటికీకి బిగించు ఇనుపచువ్వయు బార్లే. ఇంగ్లండు న్యాయస్థానములలో న్యాయమూర్తి కూర్చుండు భాగమును తక్కిన భాగమునుండి వేఱుచేయుచు ఒక కటకట యుండెడిది. దానిని బట్టియే న్యాయవాదివర్గమంతటికి 'బార్' అను పేరు కలిగినది. బారిస్టరు, బార్ అసోసియేషన్ అను మాటలు ఈ కుదురులోనివే. ఇక మద్యము అమ్ము అంగడిలో అమ్మువానికిని కొనువానికిని నడుమ నుండు అడ్డబల్లయు బారే. ఆ బల్ల పేరు క్రమముగా అంగడికే వచ్చినది. మన నగరమున న్యాయవాదుల సంఘపు పలకయు మద్యశాల పలకయు ఒకే మాటను మోయుచున్నవనిన, అవి రెండును ఒక కడ్డికి పుట్టిన దాయాదులు కాబట్టియే. తెలుగున 'బారులు తీరిన జనము' అను నప్పటి బారు మాత్రము వేఱు, అది వరుస. దానికిని ఆంగ్లపు కడ్డికిని చుట్టఱికము లేదు.

'సైడ్‌బార్' అను మాటకూడ న్యాయస్థానముననే పుట్టినది. లండనులోని వెస్ట్‌మినిస్టర్ హాలులో పూర్వము ప్రక్కగా ఒక కటకట యుండెడిది. వాదోపవాదము లక్కఱలేక, అడిగినంతనే మంజూరు చేయదగిన చిన్న యుత్తరువులను వకీళ్లు అచ్చట అడిగి పుచ్చుకొనెడివారు. అట్టి యుత్తరువులకు 'సైడ్‌బార్ రూలు' లని పేరు.

అమెరికాకు పోయిన పిమ్మట ఈ మాటకు మఱింత బరువైన పని తగిలినది. అచ్చట ఘోరనేరముల విచారణలో ముద్దాయి దోషియా కాదా యని సామాన్యముగా తేల్చువాడు న్యాయమూర్తి కాదు. పౌరులనుండి ఎన్నుకొనబడిన జ్యూరీ. సాధారణముగా వీరు పన్నెండుగురు. వీరు చట్టము చదివినవారు కారు. న్యాయమూర్తి అనుమతించిన సాక్ష్యమును మాత్రమే వినుట వీరి విధి. ఇప్పుడొక చిక్కు వచ్చును. ముద్దాయి పదియేండ్ల క్రిందట మఱియొక నేరమునకు శిక్ష పొందియుండెననుకొనుడు. ఆ సంగతిని ఈ విచారణలో చెప్పవచ్చునా, చెప్పరాదా? ఈ ప్రశ్నను జ్యూరీ యెదుట బిగ్గరగా వాదించినచో, చెప్పరాదని తేలినను ఫలమేమి? వినవలసినవారు వినియేయుందురు. చెవిని బడిన మాటను వెనుకకు తీయుట ఎవరి తరము?

అందువలన న్యాయవాది లేచి, న్యాయపీఠమును సమీపించుటకు అనుమతి కోరును. ఇరుపక్షములవారును పీఠము ప్రక్కకు, జ్యూరీకి దూరముగా నుండు వైపునకు పోయి, గొంతు తగ్గించి వాదింతురు. మాటలు వినబడకుండుటకై కొన్ని న్యాయస్థానములలో ఆ కొంచెము సేపు ధ్వనివర్ధకమునుండి జల్లువాన కురిసినట్టి చప్పుడు చేయింతురు. అంత చప్పుడులోను, వ్రాతగాడు ఆ మాటలను వ్రాసికొనుట కలదు. పై న్యాయస్థానమునకు అప్పీలు పోయినచో అవి కావలసి వచ్చును. సైడ్‌బార్ అనగా ఇదియే. ఒక మనిషి ప్రాణమో, స్వేచ్ఛయో ఆ ప్రక్కన జరుగు మాటలమీద ఆధారపడియుండవచ్చును. దానిని మన యువకుడు తాగుబోతుల ముచ్చట చేసెను!

"మన కోర్టులలో ఇట్టిది నేనెన్నడును వినలేదే?" అని యతడడిగెను. మంచి ప్రశ్న. మనకును ఒకప్పుడు కొన్ని చోట్ల జ్యూరీ యుండెడిది. 1959లో బొంబాయిలో నౌకాదళాధికారియైన నానావతిపై జరిగిన హత్యానేర విచారణలో జ్యూరీసభ్యులు తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది అతడు దోషి కాడనిరి. న్యాయమూర్తి ఆ తీర్పును అంగీకరింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు అతనిని దోషియనగా, 1961లో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. మనదేశమున జ్యూరీపై నమ్మకము సడలుటకు ఈ వ్యవహారమొక కారణమని చెప్పుదురు. 1974 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చిన క్రొత్త క్రిమినలు ప్రొసీజరు కోడులో జ్యూరీకి చోటు లేకపోయెను. నాటినుండి నేరవిచారణలలో సాక్ష్యమును వినువాడును, పనికిరానిదానిని త్రోసివేయువాడును న్యాయమూర్తియే. మాట దాచవలసిన చెవులు లేనప్పుడు ప్రక్కకు పోయి గుసగుసలాడుటకు పని యేమి? మూసీ గట్టున 1920లో ప్రారంభింపబడిన హైకోర్టు భవనమున ఎన్నో వాదములు మ్రోగినవి గాని, వానికి ఈ మాటతో అవసరము కలుగలేదు. వస్తువు లేదు గనుక దానికి తెలుగున మాటయు ఏర్పడలేదు.

ఇక పత్రికల విషయము. ఏ కార్యాలయమున ఉద్యోగము కోరి పోయెనో, అచ్చటనే ఈ మాట మఱియొక యర్థముతో ప్రతిదినమును వినబడుననిన అతడు నివ్వెఱపోయెను. ముఖ్యవార్త ప్రక్కన గీతల నడుమ, ఒక్కొక్కప్పుడు వేఱు అక్షరములతో అచ్చువేయు చిన్న రచనయు సైడ్‌బారే. మన పత్రికలవారు దానిని 'బాక్స్ ఐటెం' అందురు.

దాని ప్రయోజనమును ఒక యుదాహరణముతో చూడుడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వఱద హైదరాబాదును ముంచెత్తినది. మరణించినవారు సుమారు 15,000 మంది అని అంచనా. నేడెవరైన ఆ వఱదనుగూర్చి వ్రాసినచో, ముఖ్యరచనలో వాన ఎట్లు కురిసినది, చెఱువులెట్లు తెగినవి, ఎందరు చనిపోయిరి, పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు ఎట్లు పూర్తియైనవి అను సంగతులు వచ్చును. అఫ్జల్‌గంజిలో, నేడు ఉస్మానియా ఆసుపత్రి యున్న చోట, ఒక చింతచెట్టు కలదు. వఱదనాడు ఆ చెట్టెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఈ సంగతిని ముఖ్యరచన నడుమ చొప్పించినచో జలాశయముల కథ తెగిపోవును. వదలివేసినచో పాఠకుడు గొప్పదానిని పోగొట్టుకొనును. అందుచేత దానిని ప్రక్కన గీతలలో పెట్టుదురు. మఱునాటికి పాఠకునికి జలాశయముల సంవత్సరములు జ్ఞాపకముండునో లేదో గాని, చింతచెట్టు తప్పక జ్ఞాపకముండును. ముఖ్యరచనను కష్టపడి వ్రాసినవానికి ఇది కొంచెము బాధాకరమే!

ఈ పద్ధతి పత్రికలవారు కనిపెట్టినదని మాత్రము తలపరాదు. మన ప్రాచీన వ్రాతప్రతులలో మూలమును నడుమ వ్రాసి, వ్యాఖ్యానమును పైనను క్రిందను వ్రాయుట కలదు, దీనిని త్రిపాఠమందురు. ఎడమ కుడి ప్రక్కలందును వ్యాఖ్య వ్రాసినచో పంచపాఠము. అచ్చుయంత్రము రాకమునుపే లేఖకులు ఒకే పుటలో ముఖ్యమైనదానికిని ప్రక్కదానికిని స్థానములు నిర్ణయించిరి.

కంప్యూటరు తెరకు ఈ మాట అచ్చుకాగితమునుండియే వచ్చియుండునని నా యూహ. నడుమ మనము చదువు విషయము, ప్రక్కన సన్నని నిలువుపట్టీలో తక్కిన విషయముల పట్టిక. 2007లో ప్రజలకు విడుదలయైన విండోస్ విస్టాలో గడియారము మున్నగు చిన్న పరికరములు పెట్టుకొనుటకు తెర ప్రక్క నుండిన పట్టీకి సైడ్‌బార్ అనియే పేరు పెట్టిరి. గుఱ్ఱపు జీనులో ముందు వెనుకలను కలుపు రెండు ప్రక్కచెక్కలకును ఆంగ్లమున ఈ పేరు కలదు.

నాకు మిక్కిలి నచ్చినది తాళములోని సైడ్‌బారు. 1930వ దశాబ్ది నడుమ అమెరికాలో మోటారుకార్ల తాళములకు దీనిని వాడ మొదలుపెట్టిరి. తాళములో తిరుగు గొట్టమునకు ప్రక్కగా ఒక సన్నని కడ్డి యుండును. అది సగము గొట్టములోను, సగము బయటి దిమ్మె గాడిలోను చిక్కుకొని గొట్టమును తిరుగనీయదు. సరియైన తాళపుచెవి దూర్చినప్పుడు లోపలి చిన్న పలకలన్నియు ఒక వరుసకు వచ్చును. వాని గంట్లు కడ్డికి ఎదురుగా నిలుచును. అప్పుడు కడ్డి లోనికి జారును, గొట్టము తిరుగును. ఒక్క పలక వెండ్రుకవాసి తప్పినను ప్రక్కకడ్డి కదలదు, తలుపు రాదు. ఇచ్చట ప్రక్కనున్నది అలంకారము కాదు.

"అయితే దీనిని తెలుగున ఏమనవలెను?" అని అడిగెను. పండితులకు ఇట్టి సమయమున సంస్కృతము వైపు చేయి సాగును. నా నోటికి మొదట వచ్చినది 'పార్శ్వదండము'. పలికిచూచుకొనగనే అది భీముని యాయుధమువలె తోచి, నేనే నవ్వుకొంటిని. పత్రికకును కంప్యూటరు తెరకును 'ప్రక్కపట్టీ' చక్కగా సరిపోవును. పట్టీ మన యింటి మాట. కాలికి పెట్టుకొనునది పట్టీ, గాయమునకు కట్టునది పట్టీ, బడిలో మీ పేర్లుండునది హాజరుపట్టీ. సంస్కృతములోని 'పట్ట' శబ్దమే దీనికిని, 'పట్టా'కును మూలము. ఆ పట్టాయును తక్కువది కాదు. కాచిగూడలో 1916నాటి స్టేషను ముందు నిలిచి పట్టాలు అనినచో ఇనుపదారులు. తహసీలుదారు కచేరిలో అనినచో భూమిహక్కు పత్రములు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో అనినచో డిగ్రీలు. మన పిల్లలలో ఒక్కడును ఈ మూటిలో ఒకదాని నింకొకటిగా భ్రమపడడు. "పట్టా పుచ్చుకొనెను" అనినంతమాత్రాన రైలుకమ్మి మోసికొనిపోయెనని ఎవడనుకొనును?

"ఆంగ్లమున నీకు లేనిది ఈ అలవాటే" అంటిని. న్యాయస్థానపు సైడ్‌బారునకు ప్రక్కపట్టీ పనికిరాదు. దానికి ఒక్క మాట వెదకుటకంటె జరిగినది జరిగినట్లు చెప్పుటయే మేలని మే మిద్దఱమును తలచితిమి. అతడు కాగితము తీసి మరల ఇట్లు వ్రాసెను: "విచారణ నడుచుచుండగా ఇరుపక్షముల న్యాయవాదులును న్యాయపీఠము ప్రక్కకు పోయి, జ్యూరీకి వినబడకుండ న్యాయమూర్తితో కొంతసేపు మాటలాడి తిరిగివచ్చిరి." వాక్యము కొంచెము పొడవైనది. కాని యెవరి పరువునకును భంగము లేదు.

నెల గడచిన పిమ్మట అతడు మరల పరీక్షకు పోయెను. ఆ సాయంకాలము గ్రంథాలయపు మెట్లయొద్ద నాకెదురుపడి, "గురువుగారూ, ఈసారి సైడ్‌బారు రాలేదు. 'బెంచి' వచ్చినది. ముగ్గురు న్యాయమూర్తుల బెంచి" అనెను.

"ఏమని వ్రాసితివి?"

"మొదట కలము 'బల్ల' అని వ్రాయుటకే పోయినది. ఆగి, వార్తను మొదటినుండి మరల చదివితిని. 'ధర్మాసనము' అని వ్రాసితిని."