అది ఆకా? కొమ్మా?

తొలకరి జల్లులు పడి రెండు వారాలయ్యేసరికి పెరట్లో ఎవరూ విత్తని మొక్కలెన్నో తలెత్తుతాయి. వాటిలో జానెడు ఎత్తు మొక్క ఒకటి మీరు చూసే ఉంటారు. సన్నని కాండం, దానికి అటూ ఇటూ చింతాకుల వంటి ఆకులు. అదేమిటని ఇంట్లో అడిగితే ఒకరు చింత మొలక అంటారు. ఇంకొకరు అత్తిపత్తి అంటారు. నాయనమ్మ మాత్రం "నేల ఉసిరిరా, కామెర్లకు మందు" అంటుంది. ఎవరి మాట నిజం? తేల్చవలసింది మీరే. ఒక భూతద్దం ఉంటే చాలు.

ముందు ముట్టుకుని చూడండి. అత్తిపత్తి అయితే వెంటనే ముడుచుకుంటుంది, కాడకు ముళ్లు కూడా ఉంటాయి. ఇది ముడుచుకోలేదు. సాయంత్రం ఆకులు మూసుకోవడాన్ని మాత్రం గుర్తుగా తీసుకోకండి. చింతాకు కూడా ఆ పని చేస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆకు కాండానికి అతుక్కునే మూలను గ్రీవం అంటారని చదువుకున్నారు కదా! మొగ్గ పుట్టేది అక్కడే. ఒక చింత రెమ్మను పట్టి చూడండి. పొడవాటి ఈనె కాండాన్ని తాకే చోట మొగ్గ ఉంటుంది. ఈనెకు రెండు పక్కలా ఉన్న చిన్న ఆకుల మొదట్లో ఏమీ ఉండదు. అంటే అవి ఆకులు కావు, పత్రకాలు. అవన్నీ కలిస్తేనే ఒక ఆకు.

మన మొక్క 'ఆకు'ను వెల్లకిలా తిప్పండి. ప్రతి చిన్న ఆకు మొదట్లోనూ ఆవగింజంత పచ్చని పూసలు వేలాడుతున్నాయి! అవి కాయలు. పువ్వూ కాయా గ్రీవంలో వచ్చాయంటే ఆ చిన్నవన్నీ వేటికవే ఆకులు. మీరు ఆకు అనుకున్నది నిజానికి ఒక కొమ్మ. చింత కాదని తేలిపోయింది. నాయనమ్మే గెలిచింది. పెద్ద ఉసిరి చెట్టుదీ ఇదే తీరు. ఆకులు రాల్చే కాలంలో అది ఇలాంటి చిన్న కొమ్మలను ఆకులతో సహా రాల్చేస్తుంది. రెండూ ఫిలాంథస్ ప్రజాతివే. గ్రీకు భాషలో ఆ పేరుకు 'ఆకు పువ్వు' అని అర్థం.

అయితే పని ఇంకా పూర్తి కాలేదు. నేల ఉసిరికి ఎర్ర ఉసిరిక అనే తోబుట్టువుంది. నేల ఉసిరి కాయ నున్నగా ఉండి, పొట్టి కాడతో వేలాడుతుంది. ఎర్ర ఉసిరిక కాయ గరుకుగా ఉండి, దాదాపు కాడ లేకుండా కొమ్మను అంటుకుని ఉంటుంది. దాని కాండం తరచు ఎర్రబారి ఉంటుంది. తుంచినప్పుడు తెల్లని పాలు కారితే మాత్రం అది ఈ రెండింటిలో ఏదీ కాదు. చేతులు కడుక్కోండి, కళ్లు నులుముకోకండి.

ఇంతటి చిన్న తేడాల దగ్గర పెద్దలూ తడబడ్డారు. మన దేశపు నేల ఉసిరిని చాలాకాలం ఫిలాంథస్ నిరూరి అని పిలిచారు. అసలు నిరూరి అమెరికా ఖండాలకే పరిమితమైన వేరే జాతి అని 1950ల చివరలో వెబ్‌స్టర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు చూపాడు. మనది 1827లో పేరు పెట్టిన ఫిలాంథస్ అమారస్. అందుకే పాత పుస్తకంలో 'నిరూరితో చేసిన మందు' అని కనిపిస్తే, వాడినది ఏ మొక్కో వెంటనే చెప్పలేము.

పేరు తేలింది కదా అని పసరు తీసి తాగకండి. హెపటైటిస్ బి మీద ఇది పనిచేస్తుందన్న ఆశను 1988లో మద్రాసు పరిశోధకులు కలిగించారు. తరువాత ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. కామెర్లకు కారణాలు అనేకం. అవి ఎందుకు వచ్చాయో వైద్యుడు రక్తపరీక్ష చేయించి తేల్చాలి.

మొక్కను దాచుకోవాలంటే వేరుతో, కాయలతో సహా తీసి పాత వార్తాపత్రికల మధ్య పరిచి పైన బరువు పెట్టండి. కాగితాలు రోజూ మార్చండి. ఒక కొమ్మనైనా వెల్లకిలా పరచడం మరవకండి. కాయలు కనిపించేది అటువైపే.